పూత మీద బేరం

మా ఊరి దేవుడు పందెంలో రెండోవాడుగా వచ్చిన దేవుడు. ఈ మాట నేను తేలిగ్గా అనటం లేదు సుమండీ. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడి చుట్టూ తిరుగుతున్నవాణ్ణి. ముల్లోకాల్లోని నదులన్నిటా మునిగి ఎవరు ముందు వస్తే వారికే విఘ్నాధిపత్యం అని తండ్రిగారు పందెం పెట్టారు. మా స్వామి మాట పూర్తి కాకముందే నెమలెక్కి వెళ్ళిపోయాడు. అన్నగారు మాత్రం కదల్లేక తల్లిదండ్రుల చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశారు. ఏ నదికి వెళ్ళినా అన్నగారు అప్పుడే మునిగి ఎదురొస్తూ కనిపించారట. పరుగే చూస్తే మొదటివాడు మా స్వామి. భక్తిని చూస్తే ఆయనగారు. ర్యాంకన్నది పరిగెత్తినవాడి కాళ్ళలో కన్నా కొలిచేవాడి చేతిలోని కొలబద్దలో ఎక్కువగా ఉంటుందని నాకు చిన్నప్పుడే తెలియవలసింది. తెలియలేదు. తెలియకుండానే ముప్పై మూడేళ్ళు బడిపంతులు ఉద్యోగం చేసి, వేల మంది పిల్లలకు ర్యాంకులు వేసి, రిటైరయ్యాను.

ఈ పురాణం ఇప్పుడెందుకయ్యా అంటే, దానికి మా మేనల్లుడు కారణం. వాడు టొరంటోలో ఉంటాడు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక వింత సంగతి చెప్పాడు. వాళ్ళ దేశంలో మంచు మీద హాకీ ఆడతారు గదా, అక్కడ ఏటేటా పద్ధెనిమిది, పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళను జట్లవాళ్ళు వంతులవారీగా ఎంచుకుంటారట. మొదటి పేరు, రెండో పేరు, మూడో పేరు అలా వందల పేర్లు. అదయిన పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఊళ్ళో పనీపాటా లేనివాళ్ళంతా కూచుని ఆ పాత జాబితా ముందేసుకుని, "ఇప్పుడు తెలిసింది అప్పుడే తెలిసుంటే ఎవర్ని ముందు తీసుకునేవాళ్ళం?" అని మళ్ళీ ర్యాంకులు వేస్తారట. 1998లో డెట్రాయిట్ జట్టువారు 171వ పేరుగా తీసుకున్న దాట్స్యుక్ అనే రష్యా కుర్రాడు, 2000లో న్యూయార్క్ వారు 205వ పేరుగా తీసుకున్న లుండ్‌క్విస్ట్ అనే స్వీడన్ గోల్‌కీపరు, ఆటలోని మహామహుల వరసలో చేరిపోయారు. వాళ్ళ కన్నా ముందు పేరు పిలిపించుకున్న వందమందికి పైగా ఏమయ్యారో అడిగేవాడు లేడు.

"మామయ్యా, మనవాళ్ళకిలాంటిదేమీ లేదా?" అన్నాడు వాడు.

"ఎందుకు లేదురా? 2008 ఫిబ్రవరి 20 లేదూ?" అన్నాను.

పక్కనే పడకకుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్న మా బావగారు, అంటే వాడి తండ్రే, ఆ తేదీ వినగానే లేచి కూచున్నారు. ఆయన క్రికెట్టు పిచ్చివాడేం కాదు. వేలంపాటల మనిషి. నలభై ఏళ్ళు తోటలు గుత్తకు పట్టారు. ఈ దివిసీమలో కొబ్బరితోటలూ అరటితోటలూ, నూజివీడు వైపు మామిడితోటలూ. మామిడితోటను పూత మీద కొంటారు. కాయ కనపడదు, పిందె కనపడదు, చెట్టు నిండా పూత మాత్రం ఉంటుంది. దాన్ని చూసి డబ్బు గుమ్మరించాలి. ఆ తర్వాత మంచు పట్టిందా, గాలి కొట్టిందా, తేనెమంచు పురుగు పడిందా అన్నది మన అదృష్టం. పద్ధెనిమిదేళ్ళ కుర్రాణ్ణి చూసి ఇంతని ధర కట్టటం సరిగ్గా పూత మీద బేరమే గనక, ఈ విమర్శకు ఆయన్ని మించిన అధికారి నాకు దొరకడు.

ఆ ఫిబ్రవరి 20న బొంబాయిలో ఐపీఎల్ మొట్టమొదటి వేలంపాట జరిగింది. ఎనిమిది ఊళ్ళ జట్లు. మన హైదరాబాదు జట్టుకు దక్కన్ చార్జర్స్ అని పేరు. మనుషుల్ని పేరు పెట్టి పిలిచి, "ఒకటోసారి, రెండోసారి" అని పాడి సుత్తి కొట్టటం చూసి ఆ రోజు మా వీధిలో పెద్దవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మా బావగారు మాత్రం, "పాడేవాడికి గొంతు లేదు" అని ఒక్క మాటనేసి ఊరుకున్నారు.

మనవాళ్ళు ఆ పాటలో తెచ్చిన పదకొండుమంది పేర్లూ, ధరలూ వరసగా చెబుతాను. ఆండ్రూ సైమండ్స్ 13 లక్షల 50 వేల డాలర్లు. ఆర్.పి. సింగ్ 8 లక్షల 75 వేలు. రోహిత్ శర్మ 7 లక్షల 50 వేలు. ఆడమ్ గిల్‌క్రిస్ట్ 7 లక్షలు. షాహిద్ అఫ్రిది 6 లక్షల 75 వేలు. హెర్షల్ గిబ్స్ 5 లక్షల 75 వేలు. మన లక్ష్మణ్ 3 లక్షల 75 వేలు. చమిందా వాస్ 2 లక్షలు. స్కాట్ స్టైరిస్ 1 లక్షా 75 వేలు. నువాన్ జోయ్సా 1 లక్షా 10 వేలు. చమర సిల్వ 1 లక్ష. అప్పట్లో డాలరు సుమారు నలభై రూపాయలు. అంటే సైమండ్స్ ధర అయిదు కోట్ల నలభై లక్షలన్నమాట. ఆ రోజు మొత్తం పాటలో ధోనీ ఒక్కడే అంతకన్నా ఎక్కువ పలికాడు.

ఇది జాబితా. ఒక పుస్తకాన్ని విమర్శించినట్టే దీన్నీ విమర్శించవచ్చని నా ఉద్దేశం. పుస్తకంలోలాగే ఇందులోనూ రాసినవాడి అభిరుచి, ఆశ, భయం, తొందరపాటు అన్నీ కనపడతాయి. కిందటేటి కాపు చూసి కొన్నది సైమండ్స్‌ని. చెట్టు మొదలు చూసి కొన్నది గిల్‌క్రిస్ట్‌ని. అప్పటికాయనకు 36 ఏళ్ళు, అంతకుముందు నెలలోనే అంతర్జాతీయ క్రికెట్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. పూత చూసి కొన్నది రోహిత్‌ని. వాడికి ఇరవై ఏళ్ళు. 2007లో ఇరవై ఓవర్ల ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు గానీ ఇంకా పిందె దిగలేదు. పైగా తల్లిగారిది విశాఖపట్నం, ఇంట్లో తెలుగు వినపడ్డ పిల్లాడు. అంచేత మా వీధి వాళ్ళంతా వాణ్ణి మనవాడి కిందే జమ కట్టారు.

అన్నట్టు, లక్ష్మణ్ సంగతి ముందే చెప్పాలి. సచిన్, గంగూలీ, ద్రావిడ్, సెహ్వాగ్, యువరాజ్ ఎవరి ఊరి జట్టుకు వారు 'ఐకాన్' ఆటగాళ్ళుగా నిలబడ్డారు. వారు వేలానికి రానక్కర్లేదు. తమ జట్టులో అందరికన్నా ఎక్కువ పలికినవాడి మీద నూటికి పదిహేను చొప్పున ఎక్కువ వారికివ్వాలి. హైదరాబాదుకు ఆ గౌరవం లక్ష్మణ్‌ది. ఆయన వద్దన్నాడు. తన కింద అంత డబ్బు పోతే జట్టు మిగతావాళ్ళను కొనుక్కోలేదని తనంతట తానే పక్కకు తప్పుకుని మామూలు ఆటగాడిలా వేలానికి నిలబడ్డాడు. సైమండ్స్ ధర మీద నూటికి పదిహేను వేసుకుంటే పదిహేనున్నర లక్షల డాలర్లవుతుంది. ఆయనకొచ్చింది మూడుమ్ముప్పాతిక లక్షలు. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇంతకీ ఆ ఏడాది ఏమయింది? పద్నాలుగు ఆటల్లో రెండు గెలిచి, పన్నెండు ఓడి, ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానంలో కూచున్నారు మనవాళ్ళు. సైమండ్స్ ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 53 బంతుల్లో 117 కొట్టాడు. జట్టు 214 చేసింది. అయినా ఓడిపోయాం. చివరి ఓవరు ఆ సైమండ్స్ చేతికే ఇచ్చారు, షేన్ వార్న్ రెండు సిక్సర్లు కొట్టి బంతి మిగిలి ఉండగానే పని పూర్తి చేశాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు. 2022లో రెండున్నర నెలల తేడాలో వెళ్ళిపోయారు. ఆ రాత్రి వాళ్ళిద్దర్నీ చూసినవాళ్ళం మాత్రం ఉన్నాం.

గిల్‌క్రిస్ట్ బొంబాయి మీద 42 బంతుల్లో సెంచరీ చేశాడు. లక్ష్మణ్ దెబ్బ తగిలి తప్పుకుంటే కెప్టెన్సీ కూడా ఆయన నెత్తినే పడింది. రోహిత్ 404 పరుగులు చేశాడు. విడివిడిగా చూస్తే అందరూ బాగానే ఉన్నారు, కలిపి చూస్తే అడుగున ఉన్నారు. 2008 జూన్‌లో ఎవరైనా ఈ జాబితాకు ర్యాంకులు వేసి ఉంటే, కొన్నవాళ్ళను చెట్టుకు కట్టేసి కొట్టాలని తీర్పు చెప్పి ఉండేవారు. చెప్పారు కూడా. నేనే చెప్పాను, మా అరుగు మీద కూచుని.

ఏడాది తిరిగింది. ఎన్నికల మూలంగా 2009 పోటీని దక్షిణాఫ్రికాకు తరలించారు. చాలా వరకూ అవే చెట్లు, వేరే నేల. మే 24 రాత్రి జోహానెస్‌బర్గ్‌లో ఫైనలు. రెండు రోజుల కిందట సెమీఫైనల్లో 35 బంతుల్లో 85 కొట్టిన గిల్‌క్రిస్ట్, ఫైనల్లో మొదటి ఓవర్లోనే కుంబ్లే బంతికి సున్నాకు వెళ్ళిపోయాడు. మా ఇంట్లో ఎవరికీ నోట మాట లేదు. గిబ్స్ అవుటవకుండా 53 చేశాడు. ఆ మైదానంలోనే 2006లో ఆస్ట్రేలియా 434 చేస్తే దక్షిణాఫ్రికా దాన్ని దాటిందే, ఆ రోజు 175 కొట్టినవాడూ ఇతనే. ఆ రోజు ఉరికినవాడు ఈ రోజు ఒక్కొక్క పరుగూ ఏరుకున్నాడు. మనకు 143 వచ్చాయి. సైమండ్స్ ఒకే ఓవర్లో రాస్ టేలర్‌నీ, కోహ్లీ అనే కుర్రాణ్ణీ పంపేశాడు. బెంగుళూరుకు చివరి ఓవర్లో 15 కావాలి. బంతి ఆర్.పి. సింగ్ చేతిలో ఉంది. ఎనిమిది ఇచ్చాడు. ఆరు పరుగులతో గెలిచాం. కిందటేడు అడుగునున్న జట్టు ఈ ఏడు తలమీద నిలబడింది. కొన్నవాళ్ళు మహా దూరదృష్టి గలవాళ్ళని అదే అరుగు మీద కూచుని మళ్ళీ నేనే అన్నాను.

అంచేత పాఠకులు గమనించవలసిన మొదటి సంగతి ఇది. మళ్ళీ ర్యాంకు వేయటానికి కూచునేవాడు ఏ తేదీన కూచున్నాడో ముందు చెప్పాలి. తేదీ లేని తీర్పు తేదీ లేని మందుసీసా లాంటిది.

ఇప్పుడు మా ముగ్గురి ర్యాంకులూ విన్నవిస్తాను.

మా మేనల్లుడు జీవితం మొత్తం లెక్కగట్టాడు. వాడి ప్రకారం రోహిత్ మొదటివాడు, రెండోవాడితో పోలికే లేదు. నిజమే మరి. బొంబాయి జట్టు కెప్టెనుగా 2013, 2015, 2017, 2019, 2020ల్లో అయిదు కప్పులు. 2024లో దేశానికి ఇరవై ఓవర్ల ప్రపంచకప్పు, 2025లో చాంపియన్స్ ట్రోఫీ. ఇంతటివాణ్ణి సైమండ్స్ ధరలో ఇంచుమించు సగానికి కొన్నవాళ్ళు ఎంత అదృష్టవంతులు!

మా బావగారు పెట్టుబడికి రాబడి చూశారు. "ఎంతకు కొన్నావు, ఎంత దిగింది, అంతే" అన్నారు. ఆయన లెక్కలో గిల్‌క్రిస్ట్ మొదటివాడు, సైమండ్స్ ఆఖరు నుంచి నాలుగోవాడు. "కిందటేటి కాపు చూసి తోట కొనేవాణ్ణి మా వాళ్ళు వ్యాపారి అనరు, చుట్టపుచూపు వాడంటారు. వరసగా రెండేళ్ళు విరగకాసే మామిడి ఎక్కడుంది?" అన్నారు.

నాకు రెండూ సగం సగమే నచ్చాయి. మేనల్లుడి లెక్కలో పెద్ద చిక్కొకటుంది. రోహిత్ గెలిచిన ఆ అయిదు కప్పులూ మన దొడ్లో పండినవి కావు. మన ఇంట్లో వాడున్నది మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ వాడు చిన్నవాడేం కాదు. 2009లో కలకత్తా మీద చివరి ఓవర్లో 21 కావలసి ఉంటే ఆఖరి బంతికి సిక్సరు కొట్టి గెలిపించాడు. అదే నెలలో బొంబాయి మీద బంతి తీసుకుని హ్యాట్రిక్ చేశాడు. రేపు తన ఇల్లు కాబోయే జట్టు మీదే! అయినా పొరుగువాడి పెరట్లో కాసిన కాయల్ని మన బుట్టలో వేసి లెక్కపెడితే అది విమర్శ కాదు, మురిపెం.

ఇక్కడే అసలు తప్పు ఎక్కడుందో కనపడుతుంది. 2011 జనవరిలో మళ్ళీ పెద్ద వేలం జరిగింది. దానికి ముందు ప్రతి జట్టూ పాతవాళ్ళలో నలుగురి దాకా అట్టేపెట్టుకోవచ్చునన్నారు. బొంబాయి నలుగుర్ని ఉంచుకుంది. చెన్నై నలుగుర్ని ఉంచుకుంది. దక్కన్ వాళ్ళు ఒక్కణ్ణి కూడా ఉంచుకోలేదు. రోహిత్ మళ్ళీ పాటకు వెళ్ళాడు. బొంబాయి వాళ్ళు 20 లక్షల డాలర్లకు పట్టుకుపోయారు. పూత మీద కొన్నవాడు పిందె దిగిన వేళకు గుత్త వదులుకున్నాడు. 2012 సెప్టెంబరులో ఆ జట్టే రద్దయిపోయింది. తర్వాత హైదరాబాదుకు సన్‌రైజర్స్ అని వేరే జట్టొచ్చి 2016లో కప్పు గెలవటం వేరే కథ.

దీనికి సరిజోడు ఇంకొకటుంది. 2008 మార్చిలో, పంతొమ్మిదేళ్ళ లోపు ప్రపంచకప్పు గెలిచొచ్చిన కుర్రాళ్ళను, అచ్చం ఆ హాకీవాళ్ళలాగే, వంతులవారీగా పంచుకున్నారు. ఢిల్లీ వాళ్ళ వంతు వచ్చినప్పుడు సొంత ఊరి కుర్రాడూ, ఆ జట్టు కెప్టెనూ అయిన కోహ్లీ కళ్ళ ముందే ఉన్నాడు. వాళ్ళు ప్రదీప్ సంగ్వాన్ అనే బౌలరును తీసుకున్నారు. కోహ్లీని బెంగుళూరు తీసుకుంది. ఈ సంగతి చెప్పి ఢిల్లీవాళ్ళను చూసి నవ్వనివాడు లేడు. మా మేనల్లుడూ నవ్వాడు.

నేను నవ్వలేదు. ఢిల్లీ ఇంట్లో అప్పటికే సెహ్వాగ్ ఉన్నాడు, గంభీర్ ఉన్నాడు. బ్యాటు పట్టేవాళ్ళకు కరువు లేదు, బంతి వేసేవాడు కావాలనుకున్నారు. ఇంట్లో బియ్యం ఉన్నవాడు సంతకెళ్ళి పప్పు తెస్తే తప్పేముంది? ఇంకో మాట. కోహ్లీ మొదటి ఏడాది 13 ఆటలాడి చేసింది 165 పరుగులు. ఆ ఏడాది చివర ర్యాంకు వేసి ఉంటే ఢిల్లీవాళ్ళే తెలివైనవాళ్ళు. బెంగుళూరు గొప్పతనం ఎంచుకోవటంలో లేదు. 165 పరుగుల కుర్రాణ్ణి విసుక్కోకుండా ఉంచుకోవటంలో ఉంది. 2011లో వాళ్ళు ఉంచుకున్నది ఆ ఒక్కణ్ణే. పద్ధెనిమిదో ఏట, 2025 జూన్ 3న, వాళ్ళు మొదటిసారి కప్పు గెలిచారు. ఎన్ని పరుగులతోనంటారా? ఆరు. 2009లో మన చేతిలో ఓడింది కూడా ఆరుతోనే.

కాబట్టి నా విమర్శ సారాంశం ఇది. 2008 దక్కన్ జాబితా చెడ్డ జాబితా కాదు, చాలా మంచి జాబితా. మంచి కన్నున్నవాడే దాన్ని రాశాడు. లేనిది ఓపిక. కన్ను ఒక పూట పని, ఓపిక పదేళ్ళ పని.

ఇక నా ర్యాంకులు. 'ఆ ఇంటికి, ఆ గుత్త ఉన్నన్నాళ్ళు, ఎవరు ఎంత కాశారు' అన్నదే నా కొలబద్ద. మొదటివాడు గిల్‌క్రిస్ట్. 2009లో 495 పరుగులూ, కెప్టెన్సీ, వికెట్ల వెనక పని, ఆ పోటీకి ఉత్తమ ఆటగాడన్న బిరుదూ ఒక్కడివే. ముదురు చెట్టని అనుకున్నదే తోటను నిలబెట్టింది. రెండు రోహిత్. మూడు ఆర్.పి. సింగ్. అతని ధర చూసి అప్పట్లో చాలామంది నొసలు చిట్లించారు గానీ, 2009లో 23 వికెట్లతో అందరికన్నా పైన నిలిచినవాడూ, ఆ ఆఖరి ఓవరు వేసినవాడూ అతనే. నాలుగు గిబ్స్, ఒక్క ఫైనలు చాలు. అయిదు సైమండ్స్. మొదటి ఏడు కొద్ది ఆటలాడి తన దేశపు జట్టు వెంట వెళ్ళిపోయాడు గానీ, ఫైనల్లో ఆ రెండు వికెట్లు లేకపోతే కప్పే లేదు. ఇక్కడ మా బావగారితో నాకు పేచీ. ఏడు వాస్, ఎనిమిది స్టైరిస్. తొమ్మిది అఫ్రిది. ఆ ఒక్క ఏడాది తర్వాత పాకిస్తాన్ ఆటగాళ్ళు ఈ పోటీకి రానేలేదు, అందులో ఆయన చేతిలో ఉన్నదేమీ లేదు. పది సిల్వ, పదకొండు జోయ్సా.

ఆరు వదిలేశానని మీరు గమనించే ఉంటారు. ఆరో అంకె లక్ష్మణ్‌ది. పరుగుల లెక్కన ఆరో చోటే ఎక్కువ. కలకత్తాలో 2001లో 281 చేసినవాడు ఆ ఇరవై ఓవర్ల హడావిడిలో ఇమడలేకపోయాడు. కానీ వేయటానికి నా చెయ్యి రాలేదు. ఆయన ఆ రోజు పక్కకు తప్పుకోకపోతే, ఆ డబ్బంతా ఆయన పద్దులో పడి ఉంటే, నా జాబితాలో మొదటి అయిదుగురిలో ఎందరు హైదరాబాదు వచ్చేవారు? గిల్‌క్రిస్టా? రోహితా? ఎవరి పేరు చెరిగేదో ఎవరు చెప్పగలరు? ఒకడి విలువ అతని పేరు ఎదురుగా కాక ఇంకో అయిదు పేర్ల ఎదురుగా రాసి ఉంటే, దాన్ని ఏ ర్యాంకులో వేస్తారు? మా బావగారు కాసేపు ఆలోచించి, "తోటకు కంచె ఎన్ని కాయలు కాసిందని అడిగినట్టుంది నీ ప్రశ్న" అన్నారు. ఆరు వేశాను. వేసి, పక్కన చుక్క పెట్టాను.

సాహిత్యంలో మాత్రం ఇది కొత్తా? వేమన్నను పాత పండితులు కవుల పట్టికలోనే రానివ్వలేదు. మన బందరులో కూడా ఉద్యోగం వెలగబెట్టిన బ్రౌను దొర ఆ తాటాకులన్నీ పోగుచేసి, 1829లో అచ్చు వేయిస్తే గానీ చదువుకున్నవాళ్ళకు కళ్ళు తెరుచుకోలేదు. ఏ వంతులోనూ ఎవరూ పిలవని పేరది. కాకపోతే వేమన్న పద్యాలకు పోయిందేమీ లేదు. ఎవరూ ఎంచకపోయినా జనం నోళ్ళలో అవి బతికే ఉన్నాయి. పద్యం ఓపిక పట్టగలదు. పిల్లవాడు పట్టలేడు.

ఈ చివరి మాట ఊరికే రాయలేదు. 1980ల మొదట్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక హైస్కూల్లో నాకు ఆటల పని కూడా అంటగట్టారు. జోన్ పోటీలకు కబడ్డీ జట్టును ఎంచాలి. ఆడేవాళ్ళు ఏడుగురు, పైన అయిదుగురు, మొత్తం పన్నెండు. ముప్పైమందిని ఎండలో నిలబెట్టి, ఎత్తు చూశాను, తొడలు చూశాను, ఎవరి పిల్లాడో కూడా ఓ కంట చూశాననే చెప్పాలి. పన్నెండు పేర్లు రాసి చదివాను. లంకలో నుంచి రోజూ పడవ దాటి వచ్చే బక్కపల్చటి కుర్రాడొకడు పన్నెండో పేరు అయిందాకా నిలబడి, తర్వాత సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. కబడ్డీకి ముఖ్యం కూత. వాడు కృష్ణలో మునిగితే ఎంతసేపటికి తేలేవాడో పడవవాళ్ళందరికీ తెలుసు. నాకు తెలియదు, నేనడగలేదు. మా జట్టు మొదటి ఆటలోనే ఓడి వచ్చింది. వాడు ఆ మరుసటేడు బడి మానేశాడు. జట్టులోకి తీసుకుని ఉంటే మానేవాడు కాదని నేను చెప్పలేను. మానేవాడే అని కూడా చెప్పలేను.

కిందటి నాగులచవితికి గుడి దగ్గర ఒకతను మనవణ్ణి ఎత్తుకుని వచ్చి నమస్కారం పెట్టాడు. తల నెరిసింది. నేను గుర్తుపట్టలేదు.

"నేను మాస్టారూ. పదమూడోవాణ్ణి" అన్నాడు నవ్వుతూ.

నలభై ఏళ్ళ పైమాట. లంకలో పసుపూ కందా వేస్తాడట, పిల్లలు స్థిరపడ్డారట, దేనికీ లోటు లేదట. కానీ తన పేరు కన్నా ముందు ఆ అంకె చెప్పాడు. నేను ఆ రోజు పదమూడో పేరు రాయనే లేదు. ఆ నంబరు తనకు తానే వేసుకున్నాడు, వేసుకుని ఇన్నేళ్ళూ దాచుకున్నాడు. గిల్‌క్రిస్ట్‌ను మొదట పెట్టినా, మూడోచోట పెట్టినా ఆయనకు రాత్రి నిద్ర తక్కువ కాదు. నేను ఎండలో నిలబెట్టిన ఆ ముప్పైమంది సంగతి అది కాదు.

"ఆ రోజు నేను పొరపాటు చేశానయ్యా. ఇప్పుడైతే నీ పేరే మొదట రాస్తాను" అన్నాను.

అతను మనవణ్ణి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని, "ఇప్పుడెందుకు లెండి మాస్టారూ, కూత లేదు" అన్నాడు.